వీబీఆర్ ఎంపీ3 చేయడం ఎలా? చేశాక సరిచూసుకోవడం ఎలా?

"192 వచ్చేలా పెట్టాను, ఫైల్‌లో చూస్తే 143 ఉంది. ఏం తప్పు చేశాను?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. (ఆ అంకెలు బిట్‌రేట్‌వి, అంటే ఒక సెకను శబ్దానికి ఎన్ని కిలోబిట్లు వాడారో కేబీపీఎస్‌లో చెప్పేవి. వీబీఆర్ అంటే ఆ బిట్‌రేట్ పాటలో చోటును బట్టి మారే పద్ధతి.) దాని వెనకాలే ఇంకోటి వస్తుంది: "5 నిమిషాల పాటకు ప్లేయర్ అరగంట చూపిస్తోంది, ఫైల్ పాడైందా?" ఆ తర్వాత మూడోది: "అన్నీ 320లో పెట్టేస్తే పోలా, ఈ గొడవంతా ఎందుకు?" విడివిడిగా జవాబులు చెప్పీ చెప్పీ చివరికి ఇలా ఒకేచోట రాస్తున్నాను. మొదటి ప్రశ్న అడిగినవాళ్ళు టెన్షన్ పడకండి, మీరు ఏ తప్పూ చేయలేదు.

ముందు రెండు ముక్కలు

ఎంపీ3 ఫైల్ అంటే చిన్న చిన్న ఫ్రేముల వరస. 44,100 హెర్ట్జ్ ఆడియోలో, అంటే సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి రాసుకున్నదాంట్లో, ఒక్కో ఫ్రేమ్‌లో 1152 శాంపిళ్ళు, అంటే కొలతలు, పడతాయి. అంటే ఒక్క ఫ్రేమ్‌లో ఉండేది సుమారు 26 మిల్లీసెకన్ల శబ్దం. సెకనుకు 38 ఫ్రేములు, పైన కాస్త. ప్రతి ఫ్రేమ్ మొదట్లో 4 బైట్ల హెడర్ ఉంటుంది, ఆ ఫ్రేమ్ బిట్‌రేట్ ఎంతో అందులోనే రాసి ఉంటుంది. ఆ బిట్‌రేట్‌కు 32 నుంచి 320 కేబీపీఎస్ దాకా 14 మెట్లు ఉన్నాయి.

సీబీఆర్‌లో, అంటే స్థిరమైన బిట్‌రేట్‌లో, అన్ని ఫ్రేములకూ ఒకే మెట్టు. 128 పెడితే ప్రతి ఫ్రేమూ 417 లేదా 418 బైట్లే. అందులో ఉన్నది నిశ్శబ్దమైనా, చెవులు చిల్లులు పడే మోతైనా అంతే. వీబీఆర్‌లో ఎన్‌కోడర్, అంటే శబ్దాన్ని కుదించి ఎంపీ3గా మార్చే ప్రోగ్రామ్, ఒక్కో ఫ్రేమ్‌నూ విడిగా చూసి ఎంత అవసరమో తేలుస్తుంది. పాట మొదలవకముందు అర సెకను నిశ్శబ్దం ఉందనుకోండి. ఆ 19 ఫ్రేములకు 32 చాలు, ఒక్కోటి 104 బైట్లతో సరిపోతుంది. ఒంటి గొంతు మొదలవగానే మెట్లు పైకెక్కుతాయి. హాలంతా చప్పట్లు కొట్టిన చోట ఏకంగా 320కి పోవచ్చు, అంటే ఫ్రేమ్‌కు 1044 బైట్లు. ఒకే ఫైల్‌లో, కొన్ని సెకన్ల తేడాలో, పదింతలు.

కాబట్టి వీబీఆర్‌లో మీరు ఎన్‌కోడర్‌కు చెప్పేది నాణ్యత ఎంత ఉండాలో మాత్రమే. బిట్‌రేట్ చివర్లో చేతికొచ్చే బిల్లు. నెమ్మదైన పాటకు 143 వస్తుంది, గోలగా ఉన్న పాటకు 221 వస్తుంది. రెండూ ఒకే సెట్టింగ్‌తో చేసినవే, రెండింటి నాణ్యతా ఇంచుమించు ఒకటే. సిద్ధాంతం ఇంతే.

ఏమేం కావాలి

అసలు రికార్డింగ్, వేవ్ రూపంలోగానీ ఫ్లాక్ రూపంలోగానీ (రెండింట్లోనూ శబ్దం ఏమీ పోకుండా ఉంటుంది). ఇది లేకపోతే మిగతాదంతా వృథా ప్రయాస. ఎందుకో కింద 1వ మెట్టులో చెప్తాను.

ఆడాసిటీ. ఆడియోను ఎడిట్ చేసే ప్రోగ్రామ్, ఉచితం. ఇప్పటి వెర్షన్లలో ఎంపీ3 చేసే లేమ్ ఎన్‌కోడర్ లోపలే ఉంటుంది, విడిగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

మీడియాఇన్‌ఫో. ఫైల్ లోపల ఏముందో చూపించే చిన్న ప్రోగ్రామ్.

ఫూబార్2000. ఇదొక మ్యూజిక్ ప్లేయర్. నిడివి తప్పు చూపించే ఫైళ్ళను బాగుచేయడానికి, చెవులను పరీక్షించుకోవడానికి.

ఒక మాదిరి మంచి హెడ్‌ఫోన్. ల్యాప్‌టాప్ స్పీకర్లతో విని నాణ్యత గురించి తీర్పులు చెప్పకండి.

1. అసలు ఫైల్ నిజంగా అసలుదేనా చూసుకోండి

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. 128 ఎంపీ3ని తెచ్చి మళ్ళీ పై స్థాయి వీబీఆర్‌లో చేస్తే పోయిన శబ్దం తిరిగిరాదు. పైగా మొదటిసారి పోయినదానికి రెండోసారి పోయేది తోడవుతుంది. ఫైల్ సైజు మాత్రం పెరుగుతుంది.

ఫ్లాక్ అని పేరున్నంత మాత్రాన నమ్మకండి. ఎవరో ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి ఇచ్చి ఉండొచ్చు. ఆడాసిటీలో తెరిచి, ట్రాక్ పేరు పక్కనున్న మెనూలో స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో శబ్దం ఎంత ఉందో రంగుల్లో చూపే బొమ్మ) ఎంచుకుని చూడండి. పై అంచున రంగులు క్రమంగా పలచబడుతూ పోతే మంచిదే. పాటంతా 16,000 హెర్ట్జ్ దగ్గర కత్తెరతో కోసినట్టు సూటిగా ఆగిపోతే, అది ఒకప్పుడు తక్కువ బిట్‌రేట్ ఎంపీ3గా ఉండి వచ్చిందని గట్టిగా అనుమానించొచ్చు. పాత క్యాసెట్ల నుంచో, రేడియో నుంచో ఎక్కించినవాటిలో పై శబ్దాలు మొదట్నుంచీ ఉండకపోవచ్చు. కాబట్టి అలాంటివాటి విషయంలో ఈ పరీక్ష మీద మరీ ఆధారపడొద్దు.

2. మీ పనికి వీబీఆర్ సరిపోతుందా తేల్చుకోండి

పాటలు దాచుకోవడానికి, ఫోన్‌లో వినడానికి వీబీఆర్ పెట్టండి. ఇందులో రెండో ఆలోచన లేదు.

సైజు ఇంతకు మించకూడదు అని గిరి గీసి ఉంటే ఏబీఆర్, అంటే సగటు బిట్‌రేట్ పద్ధతి, మేలు. ఇందులో ఫ్రేములు మారుతూనే ఉంటాయి, మొత్తం సగటు మాత్రం మీరు చెప్పిన అంకె దగ్గరే ఉంటుంది. లెక్క తేలిక: కేబీపీఎస్‌ను సెకన్లతో గుణించి 8తో భాగిస్తే కిలోబైట్లు వస్తాయి. 30 నిమిషాల రికార్డింగ్ 20 ఎంబీ దాటకూడదంటే సగటు 88 దాకా పోవచ్చు. 80 పెట్టుకుంటే 18 ఎంబీలో అయిపోతుంది, పాట పేరు లాంటివి రాసుకునే ట్యాగులకూ కాస్త చోటు మిగులుతుంది.

లైవ్ స్ట్రీమింగ్‌కు, ఎప్పటిదో పాత ప్లేయర్‌లో పెట్టాల్సిన ఫైళ్ళకు సీబీఆర్ పెట్టండి. గంటల తరబడి సాగే ప్రసంగాలకు కూడా నేను సీబీఆర్ మోనోనే వాడతాను. కారణం ఉంది. వీబీఆర్ ఫైల్ మొదట్లో ఒక పట్టిక ఉంటుంది, పాటలో ఎంత శాతం దగ్గర ఫైల్‌లో ఏ చోటు వస్తుందో చెప్పేది. అందులో ఉండేవి 100 గుర్తులే. ఒక్కో గుర్తుకు ఒకే బైటు, అంటే ఫైల్ మొత్తాన్ని 256 ముక్కలుగా చేసి చెప్పగలదు, అంతకన్నా సన్నగా చెప్పలేదు. 4 నిమిషాల పాటకు అది ఒక సెకను లోపు మాట. 2 గంటల ప్రసంగంలో మాత్రం ఒక ముక్క అంటే 28 సెకన్లు. "1 గంట 10 నిమిషాల దగ్గర వినండి" అని మీరు చెప్తే, పట్టికను నమ్ముకున్న ప్లేయర్ అర నిమిషం అటో ఇటో దిగబెట్టొచ్చు.

3. నాణ్యత అంకె ఎంచుకోండి

లేమ్‌లో వీబీఆర్ స్కేల్ 0 నుంచి 9 దాకా. 0 అన్నింటికన్నా మేలు, 9 అన్నింటికన్నా చిన్న ఫైల్. మామూలు స్టీరియో సంగీతానికి వచ్చే సగటులు సుమారుగా ఇలా ఉంటాయి:

వీ0 – 245 కేబీపీఎస్
వీ2 – 190
వీ4 – 165
వీ5 – 130
వీ6 – 115
వీ9 – 65

నా సలహా అడిగితే సంగీతానికి వీ2. వినేవాళ్ళలో చాలామందికి అసలు ఫైల్‌కూ దీనికీ తేడా తెలియదు. చోటుకు ఇబ్బంది లేకపోతే వీ0 పెట్టుకోండి, అభ్యంతరం లేదు. బయట రద్దీలో వినడానికైతే వీ4 కూడా చాలు. మాటలకు వీ5, మోనోలో.

ఇక "320 పెట్టేస్తే పోలా" అన్నవాళ్ళకు: పెట్టొచ్చు, శబ్దానికి నష్టమేమీ లేదు. 5 నిమిషాల పాటకు 12 ఎంబీ అవుతుంది. వీ2లో 7 ఎంబీ పైచిలుకు. వీబీఆర్‌లో కూడా కష్టమైన ఫ్రేముకు 320 దాకా పోయే వీలుంది కాబట్టి, మీరు ఎక్కువగా కడుతున్న ఆ 5 ఎంబీ చాలావరకు తేలికైన ఫ్రేములకు పోతోంది. చోటు మీది, ఇష్టం మీది.

ఒక హెచ్చరిక. ఈ అంకె దిశ అన్నిచోట్లా ఒకటి కాదు. ఓగ్ వోర్బిస్ అనే ఇంకో ఆడియో ఫార్మాట్‌లో స్కేల్ తిరగబడి ఉంటుంది, అక్కడ పెద్ద అంకె అంటే మంచి నాణ్యత. ఎంపీ3 అలవాటులో వోర్బిస్‌కు 2 పెట్టి, "శబ్దం ఇంత డొల్లగా ఉందేమిటి" అని తల పట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

4. ఎక్స్‌పోర్ట్ చేయండి

ఆడాసిటీలో అసలు ఫైల్ తెరవండి. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ఆడియో నొక్కండి. ఫార్మాట్ దగ్గర ఎంపీ3 ఎంచుకోండి. బిట్ రేట్ మోడ్ దగ్గర నాలుగు కనిపిస్తాయి: ప్రీసెట్, వేరియబుల్, యావరేజ్, కాన్‌స్టంట్. వేరియబుల్ ఎంచుకోండి.

దాని కింద క్వాలిటీ జాబితాలో వీ2 అనే పేరు కనబడదు, వెతక్కండి. దాని బదులు 170-210 కేబీపీఎస్ అని ఉంటుంది, అదే వీ2. వీ0 కావాలంటే 220-260 అని ఉన్నది. ఈ అంకెల జత చూసే చాలామంది మోసపోతారు. "170 కంటే తగ్గదన్నమాట" అనుకుంటారు. అది హామీ కాదు, మామూలుగా వచ్చే సగటు ఎంత ఉంటుందో చెప్పే అంచనా. మీ పాట తేలికైనదైతే 143 రావచ్చు, వస్తే ఆ 143తోనే మీరు అడిగిన నాణ్యత వచ్చిందని అర్థం.

శాంపిల్ రేట్ అసలు ఫైల్‌కు ఎంత ఉందో అంతే ఉంచండి. ఒకే మైక్‌తో చేసిన మాటల రికార్డింగ్ ఐతే మోనో ఎంచుకోండి.

టెర్మినల్ అలవాటున్నవాళ్ళకు లేమ్‌లోనూ, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఫైళ్ళు మార్చే ప్రోగ్రామ్‌లోనూ ఇదే 0-9 స్కేల్ దొరుకుతుంది. రెండు చోట్ల జాగ్రత్త పడాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు ఎంపీ3 చేయమని మాత్రమే చెప్పి నాణ్యత చెప్పకపోతే, అది 128 సీబీఆర్ చేసిపెడుతుంది. లేమ్‌లో పెద్ద అక్షరం వీ వేరు, చిన్న అక్షరం క్యూ వేరు. వీ వీబీఆర్ నాణ్యత, క్యూ ఎన్‌కోడర్ ఎంత శ్రమపడాలో చెప్పేది. క్యూ 0 పెట్టి వీ0 చేశాననుకుంటే కుదరదు.

ఇంకో మాట, ఎక్స్‌పోర్ట్ అవుతుండగా మధ్యలో ఆపకండి. ఎన్ని ఫ్రేములు వచ్చాయో, మొత్తం ఎన్ని బైట్లో ఎన్‌కోడర్‌కు పని పూర్తయ్యాకే తెలుస్తుంది. అప్పుడు ఫైల్ మొదటికి వెనక్కొచ్చి, ముందే ఖాళీగా వదిలిపెట్టిన మొదటి ఫ్రేమ్‌లో ఆ లెక్కలు రాస్తుంది. దీన్నే జింగ్ హెడర్ అంటారు. ఫ్రాన్‌హోఫర్ అనే సంస్థ ఎన్‌కోడర్లు దీని బదులు వీబీఆర్ఐ అనే ఇంకో రకం హెడర్ రాస్తాయి. మధ్యలో కరెంటు పోయినా, ప్రోగ్రామ్ క్రాష్ అయినా ఆ లెక్క రాయడం కుదరదు. శబ్దం ఉంటుంది, లెక్క ఉండదు. అరగంట చూపించే పాటల్లో చాలావాటి పుట్టుక ఇదే.

5. సరిచూసుకోండి

ఈ మెట్టు ఎవరూ చేయరు. తర్వాత వందల ఫైళ్ళు చేశాక లబోదిబోమంటారు. మొదటి ఫైల్‌కైనా చేయండి.

మీడియాఇన్‌ఫోలో తెరవండి. బిట్ రేట్ మోడ్ పక్కన వేరియబుల్ అని ఉండాలి. కాన్‌స్టంట్ అని ఉంటే మీరు 4వ మెట్టులో మోడ్ మార్చడం మరిచారు, లేదా మార్చినా ప్రోగ్రామ్ పాత సెట్టింగ్ గుర్తుపెట్టుకుంది. లేమ్‌తో చేసిన ఫైల్ ఐతే ఎన్‌కోడర్ పేరుతో పాటు వీ 2 లాంటి సెట్టింగ్ కూడా కనిపిస్తుంది. ఎవరైనా పంపిన ఫైల్ గురించి తెలుసుకోవడానికి కూడా ఇదే దారి.

నిడివి పోల్చండి. అసలు ఫైల్ 5:00 ఐతే ఎంపీ3 కూడా 5:00 ఉండాలి. సెకనులో కొన్ని వందో వంతులు పెరగడం మామూలే, ఎన్‌కోడర్ ముందూ వెనకా కాస్త ఖాళీ చేరుస్తుంది. నిమిషాల్లో తేడా ఉంటే ఆ జింగ్ హెడర్ తేడా.

మధ్యలోకి దూకి చూడండి. 3:00 దగ్గర అసలు ఫైల్‌లో ఏ మాట వినిపిస్తోందో ఎంపీ3లోనూ అదే రావాలి. ఇది మీ కంప్యూటర్‌లో కాదు, చివరికి ఎక్కడ వింటారో ఆ ప్లేయర్‌లో చేయాలి.

సగటు మీరే లెక్కేయండి. ఫైల్ కిలోబైట్లను 8తో గుణించి సెకన్లతో భాగించండి. 7,125 కిలోబైట్లు, 300 సెకన్లు ఐతే 190. పాట బొమ్మ కూడా ఫైల్‌లోనే అతికించి ఉంటే దాని సైజు తీసేసి లెక్కేయాలి. 1 ఎంబీ బొమ్మ ఉన్నప్పుడు ఈ లెక్క 216 అని అబద్ధం చెప్తుంది.

తేడా వినిపిస్తోందని అనిపిస్తే ఏబీఎక్స్ పరీక్ష చేయండి. ఫూబార్2000లో దీనికి ఏబీఎక్స్ కంపేరేటర్ అనే కాంపొనెంట్ ఉంది. అసలు ఫైల్, ఎంపీ3 రెండూ ఇస్తే, ఏది ఏదో చెప్పకుండా వినిపించి కనుక్కోమంటుంది. 16 సార్లు చేయండి. 12 లేదా అంతకన్నా ఎక్కువ సరిగ్గా చెప్తే మీకు నిజంగా తేడా తెలుస్తోందని అనుకోవచ్చు. ఊరికే ఊహించి అన్ని కొట్టే అవకాశం నూటికి 4 కంటే తక్కువ. 8, 9 దగ్గరే ఆగితే అది మీ చెవి పని కాదు, అంకెలు చూసిన కన్ను పని. మొదటిసారి వీ2తో కూర్చున్నప్పుడు నాకు 16కి 7 వచ్చాయి. అప్పటిదాకా 320 తప్ప వినేవాణ్ణి కాదు.

తరచూ జరిగే తప్పులు

బిట్‌రేట్ ఎక్కువుంటే నాణ్యత ఎక్కువని అనుకోవడం. వీబీఆర్‌లో ఇది తలకిందులుగా కూడా ఉండొచ్చు. క్యాసెట్ నుంచి ఎక్కించిన పాటలో అడుగున ఎప్పుడూ బుస్సుమనే శబ్దం ఉంటుంది. అలాంటి చిందరవందర శబ్దాన్ని కుదించడం ఎన్‌కోడర్‌కు చాలా కష్టం, అందుకని బిట్లు కుమ్మరిస్తుంది. స్టూడియోలో శుభ్రంగా చేసిన ఒంటి పియానో అందులో సగంతో సరిపెట్టుకోవచ్చు. 230 చూపిస్తున్న పాత క్యాసెట్ పాట, 140 చూపిస్తున్న పియానో కంటే బాగుందని ఎవరంటారు?

ఎంపీ3ని ఆడాసిటీలో తెరిచి, కాస్త కత్తిరించి, మళ్ళీ ఎంపీ3గా సేవ్ చేయడం. ఇది రెండోసారి కుదించడమే. ఊరికే ముక్క కోయాలంటే ఎంపీ3డైరెక్ట్‌కట్ లాంటివి వాడండి, అవి ఫ్రేముల దగ్గర కోస్తాయి, శబ్దం జోలికి పోవు.

రెండు ఎంపీ3లను వాటి బైట్లు యథాతథంగా ఒకదాని వెనక ఒకటి అతికించడం. ప్లే అవుతుంది, కానీ మొదటి పాట హెడరే మొత్తానికీ హెడర్‌గా మిగులుతుంది. దాంతో ప్లేయర్ మొదటి పాట నిడివినే చూపిస్తుంది. రెండోది ఉందని దానికి తెలియదు.

ఫైల్ మేనేజర్‌లో కనిపించిన అంకెను నమ్మడం. కొన్ని మొదటి ఫ్రేమ్ బిట్‌రేట్ మాత్రమే చూసి అదే ఫైల్ మొత్తానికి రాసేస్తాయి. ఫూబార్2000లో పాట నడుస్తుండగా కింది పట్టీ చూడండి, అంకె మారుతూ ఉంటుంది. అలా మారుతుంటే ఫైల్ బాగున్నట్టే.

అరగంట చూపించే పాటను బాగుచేయడం

నా దగ్గర సరిగ్గా ఇలాంటిదే ఒకటి ఉండేది. 5 నిమిషాల పాట, ప్లేయర్‌లో 29:41. లెక్కేసి చూస్తే గుట్టు తెలిసింది. జింగ్ హెడర్ లేదు కాబట్టి ప్లేయర్ మొదటి ఫ్రేమ్ చూసింది. పాట మొదట్లో నిశ్శబ్దం, అంటే 32 కేబీపీఎస్. ఫైల్ 7,125 కిలోబైట్లు. అంతా 32లోనే ఉందనుకుని భాగిస్తే 1,781 సెకన్లు, అదే ఆ 29:41. ఫైల్‌లో ఒక్క బైటు కూడా పాడవలేదు, దానికి లెక్క చెప్పేవాళ్ళు లేరంతే.

ఇలాంటిదాన్ని మళ్ళీ ఎన్‌కోడ్ చేయకండి. ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. ఫూబార్2000లో ఫైల్ మీద కుడి క్లిక్ చేసి, యుటిలిటీస్‌లో ఫిక్స్ వీబీఆర్ ఎంపీ3 హెడర్ నొక్కండి. అది ఫ్రేములన్నీ లెక్కపెట్టి కొత్త హెడర్ రాస్తుంది, శబ్దాన్ని ముట్టుకోదు. కత్తిరించిన ఫైళ్ళకూ, అతికించిన ఫైళ్ళకూ ఇదే మందు. దీంతో దారికి రాకపోతే అక్కడే ఉన్న రీబిల్డ్ ఎంపీ3 స్ట్రీమ్ ప్రయత్నించండి, అది మధ్యలో ఉన్న చెత్త బైట్లను కూడా తీసేస్తుంది.

తర్వాత 5వ మెట్టులోని నిడివి పరీక్ష, మధ్యలోకి దూకే పరీక్ష మళ్ళీ చేయండి. రెండూ సరిపోతే కాపీని తీసేయొచ్చు. కారులోనో, పాత ప్లేయర్‌లోనో ఇంకా తప్పు నిడివే చూపిస్తుంటే, అది ఆ హెడర్‌ను అసలు చదవని పరికరం అయ్యుంటుంది. అలాంటిదానికోసం అసలు ఫైల్ నుంచి 192 సీబీఆర్‌లో ఇంకో ప్రతి చేసుకోండి, వీబీఆర్‌ది మీ దగ్గరే ఉంచుకోండి.